వడదెబ్బ తెలిసిన నేల, చలిదెబ్బ తెలియని నడక

"చల్లగుండు బిడ్డా" అనేది మా దిక్కు పెద్దల దీవెన. కడుపు చల్లగుండాలి, ఇల్లు చల్లగుండాలి, దేవుడి చూపు చల్లగుండాలి. నల్లగొండ, పాలమూరు ఎండల్లో నలిగిన భాషకు చల్లదనం వరమే తప్ప ఆపద కాదు. ఎండ కొడితే దానికొక పేరుంది, వడదెబ్బ. చలి కొడితే ఏమంటాం? కొంకర్లు పోయినం అంటాం, పండ్లు కటకట కొట్టుకున్నయ్ అంటాం, ఆఖరికి 'ఒళ్ళు చల్లబడింది' అంటాం. ఈ చివరి మాటకు మన వాడుకలో ఒకటే అర్థం, మనిషి దక్కడని. వణుకు మొదలైనప్పటి నుంచి ఒళ్ళు చల్లబడేదాకా ఉండే కొద్ది గంటలకు మన దగ్గర మాట లేదు. చలికొండల మీద మనవాళ్ళు చిక్కుకునేది ఆ గంటల్లోనే.

ఒక వేసవిలో మా చిన్నమ్మ కేదారనాథ్ యాత్రకు సంచి సర్దుకుంటుంటే పక్కన కూర్చున్నాను. నాలుగు నూలు చీరలు, రెండు తువ్వాళ్ళు, సకినాల డబ్బా, మామిడికాయ తొక్కు సీసా, రబ్బరు చెప్పులు, నొప్పుల మందు, ఒక మంకీ క్యాపు, చలికాలంలో మా ఊళ్ళో గడియారం సెంటర్ దగ్గర కొన్న ఊలు స్వెట్టర్ ఒకటి. వానకోటు పెట్టుకొమ్మంటే నవ్వింది. "ఎండకాలంల వానెక్కడిది కొడుకా? చలంటవా, ఒకటికి రెండు ఏసుకుంటే సరి." బయట 43 డిగ్రీలుంది. ఆ గదిలో కూర్చుని చలిని ఊహించుకోవడం ఎవరికైనా కష్టమే. సంచిలో తిండికి లోటు లేదు, భక్తికి అంతకన్నా లోటు లేదు. ఉన్న బట్టల్లో మాత్రం ఎక్కువభాగం ఒక్క వానకు తడిసి ముద్దయ్యేవే.

తగిన ఏర్పాటు లేకుండా చలికొండ ఎక్కి, ఎవరో ఒకరు వచ్చి దించాల్సిన స్థితికి జనం ఎందుకు చేరుతున్నారన్నది పాత ప్రశ్నే. దానికి జవాబులు వైద్యుల దగ్గర కొన్ని, కోర్టు తీర్పుల్లో కొన్ని, కొండ మీద టీ కాచేవాళ్ళ దగ్గర కొన్ని చెదిరి ఉన్నాయి. వాటిని మన నేల వైపు నుంచి ఒక్కచోట పెట్టి చూడాలి.

మన గుట్టలు నేర్పిన పాఠం

మనకు కొండ ఎక్కడం కొత్త కాదు. భువనగిరి గుట్ట, రాచకొండ, దేవరకొండ, కోయిలకొండ, ఖిల్లా ఘనపురం... ఊరికొక బండ, బండకొక కోట. ఈ గుట్టలు మనకు నేర్పింది ఎండ పాఠం. పొద్దెక్కకముందే ఎక్కాలి, నీళ్ళు మోసుకుపోవాలి, తలకు గుడ్డ చుట్టాలి, బండ కాలకముందే దిగాలి. నల్లమలలో సలేశ్వరం లింగమయ్య జాతర చైత్ర పౌర్ణమికి వస్తుంది. ఫరహాబాద్ దాటి అడవిలోకి వెళ్ళి, అక్కడినుంచి రాళ్ళదారిలో లోయలోకి కాలినడకన దిగి, మళ్ళీ అంతా ఎక్కి రావాలి. జనం కర్ర, నీళ్ళ సీసా పట్టుకుని, గుంపు కట్టి, లింగమయ్యను తలుచుకుంటూ నడుస్తారు. అంత తెలిసినా 2023 ఏప్రిల్ జాతరలో ప్రాణాలు పోయాయి. 2015 మే నెల ఎండల్లో తెలంగాణలో వందలమంది చనిపోతే, ఎక్కువ దెబ్బతిన్న జిల్లాల్లో నల్లగొండ ఒకటి. ఇన్ని చావులు చూశాం కాబట్టే ఎండ ప్రమాదమంటే ఎవరూ ఎదురు చెప్పరు. అంబలి, మజ్జిగ, జేబులో ఉల్లిగడ్డ, మధ్యాహ్నం పనికి విరామం అన్నీ ఆ అనుభవంలోంచి పుట్టినవే.

చలి సంగతి వేరు. మన దిక్కు చలికాలపు రాత్రి బాగా దిగితే పది పన్నెండు డిగ్రీలు. చలిమంట వేసుకుని కబుర్లు చెప్పుకునే చలి అది. ఇంకా చలి కావాలనుకునేవాళ్ళు లంబసింగికి, వనజంగి మేఘాల దగ్గరికి సెలవులకు పోతారు. అంటే మనకు చలి ఒక విహారం. హిమాలయాలకు బయలుదేరేటప్పుడు కూడా మనం తీసుకుపోయేది ఈ ఊహనే.

ఇందులో ఒక చిన్న లెక్క తప్పుతోంది. ప్రతి వెయ్యి మీటర్ల ఎత్తుకు గాలి సుమారు ఆరున్నర డిగ్రీలు చల్లబడుతుంది. కేదారనాథ్ ఎత్తు 3,583 మీటర్లు. రిషికేశ్‌లో 38 డిగ్రీలతో చెమట కారుతున్న వేళకే పైన సుమారు 17 ఉంటుంది. మబ్బు పట్టి వాన పడితే ఏ నాలుగో అయిదో. అయిదు డిగ్రీల చలిలో గంటకు 40 కిలోమీటర్ల గాలి తోడైతే ఒంటికి తగిలేది సున్నాకు దిగువన ఉన్న చలి. క్యాలెండర్‌లో మాత్రం అది మే నెలే.

చలి ఏం చేస్తుంది

ఒంట్లో వేడి 37 డిగ్రీల దగ్గర నిలబడాలి. 35 కంటే దిగితే వైద్యులు దాన్ని హైపోథెర్మియా అంటారు. మనం చలిదెబ్బ అందాం. మొదట ఒళ్ళు గట్టిగా వణుకుతుంది. వణుకు శత్రువు కాదు, కండరాలు వేడి పుట్టించడానికి చేసే పని. తర్వాత వేళ్ళు మాట వినవు, గుండీ పెట్టుకోలేరు. కాలు తడబడుతుంది, మాట ముద్దవుతుంది. 32 డిగ్రీల దరిదాపుల్లో వణుకు ఆగిపోతుంది. పక్కవాళ్ళు 'హమ్మయ్య, కుదుటపడ్డాడు' అనుకునే క్షణం అదే, అసలు ప్రమాదం మొదలయ్యేదీ అప్పుడే. మనిషికి నిద్ర ముంచుకొస్తుంది, 'నన్నిక్కడే వదిలేయండి' అంటాడు. కొందరికి ఉన్నట్టుండి ఒళ్ళు మండుతున్నట్టనిపించి వేసుకున్న బట్టలు విప్పేస్తారు. 28 కంటే దిగితే చిన్న కుదుపుకు కూడా గుండె లయ తప్పవచ్చు.

వడదెబ్బకూ దీనికీ ఒక పోలిక ఉంది. రెండూ ముందుగా దెబ్బతీసేది తెలివినే. 'నాకు దెబ్బ తగిలింది' అని గుర్తించాల్సిన బుద్ధే మొదట మసకబారుతుంది. అందుకే ఒంటరి నడక రెండింటికీ పనికిరాదు. తన పరిస్థితి తనకు తెలియనప్పుడు పక్కవాడి కన్నే దిక్కు.

తడి సంగతి ఇంకా ముఖ్యం. నీళ్ళు గాలికంటే సుమారు 25 రెట్లు వేగంగా ఒంటివేడిని లాగేస్తాయి. నూలు బట్ట ఎండలో మనకు ప్రాణమిత్రం, చెమట పీల్చి ఒంటిని చల్లబరుస్తుంది. చలిలో ఆ గుణమే ప్రాణం తీస్తుంది. తడిసిన నూలు చీర, జీన్స్ ప్యాంటు, తువ్వాలు ఒంటికంటుకుని గంటలతరబడి చల్లబరుస్తూనే ఉంటాయి. ఊలు తడిసినా కొంత వెచ్చదనం నిలుపుతుంది. అంతకన్నా ముందు అసలు తడవకుండా పైన వానకోటు ఉండాలి. చంపడానికి మంచే కురవాలని లేదు. పది డిగ్రీల్లో వాన, గాలి, అలసట, ఖాళీ కడుపు కలిస్తే చాలు. మన యాత్రికుల్లో చాలామంది ఎక్కేరోజు ఉపవాసముంటారు. వేడి పుట్టించే కట్టెలు లేకుండా పొయ్యి మండాలనుకోవడం లాంటిది అది. కుర్రాళ్ళది ఇంకో భ్రమ, రెండు పెగ్గులేస్తే వెచ్చగుంటుందని. మద్యం చర్మం దగ్గరి రక్తనాళాలను తెరిచి లోపలి వేడిని బయటికి పంపుతుంది. వెచ్చగా అనిపిస్తుంది, ఒళ్ళు మాత్రం చల్లబడుతూనే ఉంటుంది.

మా చిన్నమ్మకు జరిగింది దాదాపు ఇదే. ఉపవాసంతో గౌరీకుండ్ నుంచి నడక మొదలుపెట్టింది, మధ్యాహ్నం వాన పట్టుకుంది. తడిచీరతో గంటసేపు నడిచి, ఓపిక లేక గుర్రమెక్కింది. నడక ఆగడంతో కండరాల నుంచి వచ్చే వేడి కూడా ఆగింది. తోటివాళ్ళు పలకరిస్తే పొంతనలేని జవాబులిచ్చింది. దారిపక్క టీకొట్టాయన ఆమె ముఖం చూసి గుర్రం ఆపించాడు. ఆడవాళ్ళను పిలిచి తడిచీర తీయించి కంబళి చుట్టబెట్టించాడు. తలకు గుడ్డ కట్టించి, పొయ్యికి కాస్త ఎడంగా గోనెసంచి మీద కూర్చోబెట్టి, చక్కెర ఎక్కువేసిన టీ కొద్దికొద్దిగా తాగించాడు. కాళ్ళు చేతులు రుద్దబోయిన వాళ్ళను వద్దన్నాడు. ఏ పుస్తకం తిరగేసినా ప్రథమ చికిత్స అదే: గాలి తగలని చోటు, పొడిబట్ట, నేలకూ ఒంటికీ మధ్య అడ్డు, మింగగలిగితే తీపి పానీయం, రుద్దకపోవడం, కుదపకపోవడం. ఆయన దాన్ని పుస్తకంలో చదివి ఉండడు. ఆ దారిన ఎంతమంది కొంకర్లు పోవడం చూశాడో.

'ఒళ్ళు చల్లబడింది' అని మనం చేతులెత్తేసేచోట వైద్యం చేతులెత్తదు. 1999లో నార్వేలో మంచు కింది నీళ్ళలో ఇరుక్కుపోయిన ఒక వైద్యురాలి ఒంటివేడి 13.7 డిగ్రీలకు దిగింది. ఆమె బతికి, మళ్ళీ ఆసుపత్రి ఉద్యోగానికి వెళ్ళింది. వెచ్చబరిచాక కూడా గుండె కదలకపోతేనే పోయినట్టు లెక్క అన్నది కొండ వైద్యుల సూత్రం.

జరిగిపోయినవి

మన దేశంలో ఈ ప్రశ్నకు అతిపెద్ద ఉదాహరణ 1996 ఆగస్టు అమరనాథ్ యాత్ర. అకాలంగా మంచు, వాన కలిసి కురిశాయి. దారి పొడవునా లక్షమంది వరకూ యాత్రికులు. చాలామందికి వెచ్చని బట్టల్లేవు, తలదాచుకోవడానికి చోట్లు సరిపోలేదు. 240 మందికి పైగా చనిపోయారు. నీతీశ్ సేన్‌గుప్తా కమిటీ యాత్రికుల సంఖ్యకు పరిమితి ఉండాలని, వయసు, ఆరోగ్యం చూడాలని చెప్పింది. తర్వాత చట్టం వచ్చి ఆలయ బోర్డు ఏర్పడింది. అయినా 2012 యాత్రలో తొంభైమందికి పైగా పోయారు. సుప్రీంకోర్టు తనంతట తానే విచారణ చేపట్టింది. ఇప్పుడు 13 ఏళ్ళలోపు, 70 ఏళ్ళు దాటినవాళ్ళను పంపరు. 3,888 మీటర్ల ఎత్తుకు వెళ్ళేవాళ్ళు వైద్య పత్రం చూపాల్సిందే.

పత్రంతో పని అయిపోలేదు. 2022లో చార్‌ధామ్ దారుల్లో అనారోగ్యంతో రెండు వందల మందికి పైగా చనిపోయారు. అందులో చలి వాటా ఎంత, ప్రాణవాయువు తగ్గిన ఎత్తు వాటా ఎంత, పాత గుండెజబ్బు వాటా ఎంత అని విడదీయడం కష్టం. కొండ మీద ఈ మూడూ జట్టుగా వస్తాయి. మూడు వేల మీటర్లు దాటాక పడుకునే ఎత్తు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదన్నది కొండ నడక నియమం. మన టూర్ బస్సు లెక్కలో అయితే పొద్దున గౌరీకుండ్, రాత్రికి కేదారం. ఒక్క పగట్లో 1,600 మీటర్లు.

అలవాటున్నవాళ్ళకూ మినహాయింపు లేదు. 2024 జూన్ మొదటివారంలో ఉత్తరాఖండ్ సహస్రతాల్ దారిలో ఎక్కువమంది కర్ణాటక నుంచి వెళ్ళిన 22 మంది బృందం మంచుగాలిలో చిక్కుకుంది. అందులో ఇంతకుముందు నడకలు చేసినవాళ్ళున్నారు, డెబ్బయి దాటినవాళ్ళూ ఉన్నారు. హెలికాప్టర్లు వచ్చినా 13 మందే బతికి బయటపడ్డారు, తొమ్మిదిమంది చనిపోయారు. సముద్రాల అవతల కూడా ఇదే కథ ఇంకో రూపంలో నడుస్తోంది. 2022 డిసెంబర్ 26న అమెరికాలోని అరిజోనాలో, వుడ్స్ క్యానియన్ చెరువు మీద గడ్డకట్టిన మంచుపై నడుస్తూ అది విరిగి ముగ్గురు తెలుగువాళ్ళు మునిగిపోయారు. మంచు ఎంత మందముంటే మనిషిని మోస్తుందో చలిదేశంలో పెరిగిన పిల్లలు చిన్నప్పుడే నేర్చుకుంటారు. మన పిల్లలు బావి ఎంత లోతుంటే దిగకూడదో నేర్చుకున్నట్టే.

భువనగిరి బండ చెప్పేది

అయితే మనవాళ్ళకు చలికొండ చేతకాదా? దీనికి జవాబు నల్లగొండ గడ్డ మీదే ఉంది. చాళుక్య విక్రమాదిత్యుడి కాలంనాటి కోటను మోస్తున్న భువనగిరి ఏకశిల మీద సంక్షేమ గురుకులాల పిల్లలు తాళ్ళు పట్టుకుని ఎక్కడం నేర్చారు. అలంపూర్ బిడ్డ ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ అప్పుడు గురుకులాల కార్యదర్శి, ఎవరెస్ట్ ఎక్కివచ్చిన శేఖర్‌బాబు బచినేపల్లి శిక్షకుడు. వందకు పైబడిన పిల్లల్లోంచి వడపోత మొదలైంది. భువనగిరి తర్వాత డార్జిలింగ్, తర్వాత గడ్డకట్టే చలిలో లడఖ్. చివరికి మిగిలిన ఇద్దరు, నిజామాబాద్ జిల్లా పాకాల నుంచి మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లా నుంచి సాధనపల్లి ఆనంద్ కుమార్, 2014 మే 25న ఎవరెస్ట్ మీద నిలబడ్డారు. పూర్ణకు అప్పటికి పద్నాలుగేళ్ళు నిండలేదు.

ఈ కథను మనం ధైర్యం కథగా చెప్పుకున్నాం. ఎండలో పుట్టిన ఒంటికి చలిని మెట్టుమెట్టుగా ఎలా పరిచయం చేయాలో చూపించిన కథ కూడా ఇదే. ఎంతమందిని శిఖరం దాకా తీసుకుపోయారన్నది ఎంత ముఖ్యమో, ఎంతమందిని ముందే 'చాలు, ఇక్కడ ఆగు' అన్నారన్నదీ అంతే ముఖ్యం. యాత్రా బస్సుల్లో ఆ మాట అనేవాళ్ళు లేరు.

తయారీతో అంతా తీరిపోతుందని కూడా అనుకోలేం. నెల్లూరు జిల్లా గాంధీజనసంఘం నుంచి వెళ్ళిన మల్లి మస్తాన్‌బాబు 2006లో ఏడు ఖండాల శిఖరాలను 172 రోజుల్లో ఎక్కినవాడు. 2015 మార్చిలో ఆండీస్ పర్వతాల్లో ఒంటరిగా ఎక్కుతూ కనిపించకుండా పోయాడు. వెతగ్గా ఏప్రిల్ మొదట్లో ఆయన దేహమే దొరికింది. తయారీ ప్రమాదాన్ని తగ్గిస్తుందే కాని లేకుండా చేయలేదు.

ఎవరు వస్తారు, ఎంతసేపటికి

ఫోన్ చేస్తే ఎవరో వస్తారన్న భరోసా ఈ మధ్య పెరిగింది. 112 ఉంది, జాతీయ విపత్తు దళం ఉంది, 2013 వరదల తర్వాత ఉత్తరాఖండ్ సొంత దళాన్ని కూడా తయారుచేసుకుంది. కాని కొండ మీద దూరాన్ని గంటల్లో కొలవాలి. సిగ్నల్ ఉన్నచోటికి ఒకరు దిగాలి, కబురు అందాలి, మబ్బు విడాలి, అప్పుడు హెలికాప్టర్ ఎగరాలి. చలిదెబ్బకు ఉన్న వ్యవధి అంత ఉండదు.

మన నల్లమలే దీనికి సాక్ష్యం. 2009 సెప్టెంబర్ 2న ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రయాణిస్తున్న హెలికాప్టర్ అడవిలో జాడ తప్పింది. విమానాలు, ఉపగ్రహాలు, బలగాలు, దారులెరిగిన చెంచులు అందరూ కదిలినా పావురాలగుట్ట మీద శకలాలు కనిపించేసరికి మర్నాడు తెల్లవారింది. రాష్ట్రాన్ని నడిపే మనిషి కోసమే ఒక రాత్రి పట్టింది. సెల్ఫీ కోసం దారి తప్పిన కుర్రాడి కోసం ఎంత పడుతుందో లెక్క వేసుకోవచ్చు.

కాపాడేవాళ్ళకూ ప్రాణాలున్నాయి. కేదారనాథ్ వరదల్లో చిక్కుకున్న జనాన్ని తరలిస్తున్న వాయుసేన హెలికాప్టర్ 2013 జూన్ 25న గౌరీకుండ్ దగ్గర కూలి 20 మంది సిబ్బంది చనిపోయారు. ఆ యాత్రికుల్లో తెలుగువాళ్ళూ ఉన్నారు. వరద వారి తప్పు కాదు. కాని తప్పించుకోగలిగిన ప్రతి పిలుపూ అలాంటి ఒక హెలికాప్టర్‌ను మబ్బుల్లోకి పంపుతుంది.

తప్పెవరిది, ఖర్చెవరిది

ఇక్కడ వాదాలు మూడు. మొదటిది, నిర్లక్ష్యంగా పోయినవాడి దగ్గర ఖర్చు వసూలు చేయాలని. అమెరికాలోని న్యూ హాంప్‌షైర్ రాష్ట్రం అదే చేస్తోంది. అక్కడి మౌంట్ వాషింగ్టన్ ఎత్తు 1,917 మీటర్లే, మన గౌరీకుండ్ కంటే తక్కువ. అయినా ప్రాణాలు తీయడంలో పేరుమోసింది. ముందే 25 డాలర్ల రక్షణ కార్డు కొన్నవాళ్ళకు మామూలు పొరపాట్లకు ఖర్చు మాఫీ, తెలిసి తెగించినవాళ్ళకు మాఫీ లేదు. రెండోది బ్రిటన్ దారి. అక్కడ కొండ రక్షణ చేసేది స్వచ్ఛంద కార్యకర్తలు, పైసా అడగరు. బిల్లు భయంతో జనం పిలవడం ఆలస్యం చేస్తే చావులు పెరుగుతాయన్నది వాళ్ళ మాట. మూడోది మనకు అలవాటైనది, దారి మూసేయడం, సంఖ్య కట్టడి, పత్రాలు.

నాకు రెండో మాట నిజమనిపిస్తుంది. అప్పు చేసి యాత్రకు వెళ్ళిన పాలమూరు రైతు దంపతుల దగ్గర హెలికాప్టర్ ఖర్చు అడగడం న్యాయమూ కాదు, వసూలయ్యేదీ కాదు. పత్రాల పద్ధతి అవసరమే, అయితే అది గుండెను చూస్తుంది తప్ప సంచిని చూడదు. నిర్లక్ష్యమని మనం తిట్టేదాంట్లో ఎక్కువభాగం తెలియనితనం. తెలియనితనానికి మందు జరిమానా కాదు, ముందుగా చెప్పడం. ఆ చెప్పే బాధ్యత మొదట టికెట్ అమ్మినవాడిది. టూర్ కరపత్రంలో భోజనం, ఏసీ బస్సు, దర్శనం ఉంటాయి. ఎక్కే ఎత్తు ఎంత, ఆ రాత్రి చలి ఎంత, అలవాటు పడటానికి ఆగే రోజు ఏది అన్న మూడు వరుసలు కూడా ఉండాల్సిందే. ఎండాకాలం రాగానే వడదెబ్బ మీద గోడపత్రికలు అంటించే వైద్యశాఖ, వైద్య పత్రం కోసం వచ్చిన యాత్రికుడి చేతిలో చలిదెబ్బ మీద ఒక తెలుగు కాగితం పెట్టడం పెద్ద పనేమీ కాదు.

తాడు పట్టేవాడు

నల్లమల చెంచుల్లో ఒక మాట ఉంది. తేనెపట్టు కోసం కొండచరియ మీంచి ఒకడు తాడుకు వేలాడుతుంటే, పైన తాడును కాచుకునేది అతని బావమరిది. కింద వేలాడేది తన అక్కచెల్లెళ్ళలో ఒకరి బతుకని అతనికి తెలుసు. కొండ నడకలో తోడు అనే మాటకు ఇంతకంటే మంచి వివరణ నేను వినలేదు. నలభైమంది బస్సు గుంపు కాదది. నా ముఖం చూసి, నా మాట తడబడిందని పట్టుకుని, 'ఇక చాలు, దిగుదాం' అనగలిగే ఒక్క మనిషి. జంటలు జంటలుగా ఒకరినొకరు కాచుకోవాలన్న నియమం పెట్టుకోవడానికి రూపాయి ఖర్చు లేదు.

మొన్న మా పక్కింటివాళ్ళు అదే యాత్రకు బయలుదేరారు. సంచి సర్దడానికి మా చిన్నమ్మను పిలిచారు. నూలు చీరలు రెండు తీసి పక్కన పెట్టింది, వానకోటు పెట్టించింది, పల్లీపట్టీలు చేతికందేచోట పెట్టింది. ఒక జత పొడిబట్టలు ప్లాస్టిక్ కవర్లో చుట్టి, రబ్బరు బ్యాండ్ వేసి, అన్నిటికన్నా పైన పెట్టింది.

"ఇవి పైననెందుకక్కా, నలుగుతయి గద?" అంది పక్కింటావిడ.

"తడిసినవనుకో, అక్కడనే మార్చుకోవాలె. గుడి దగ్గరికి పోయినంక మార్చుకుందం అనకు. వణుకు వస్తె భయపడకు, వణుకు మంచిదే. వణుకు ఆగినంక మాత్రం ఏమైతుందో నీకు తెల్వదు. నాకు తెల్వలె."